కొడవలి పట్టిన చేతికి పేరు లేదు: 18వ శతాబ్దపు అచ్చు బొమ్మల్లో పల్లె శ్రామికులు

పెద్ద మ్యూజియంలు తమ పాత చిత్రాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా అందరికీ అందుబాటులో ఉంచడం మొదలుపెట్టాక, 18వ శతాబ్దపు ఇంగ్లండు పల్లెల బొమ్మలు ఎక్కడపడితే అక్కడ కనిపిస్తున్నాయి. గోధుమ కోతలు, గడ్డి వాములు, గుర్రపుశాలలు, గుడిసె ముందు పిల్లలతో కూర్చున్న తల్లి. వాటి కింద తరచుగా "ఆనాటి పల్లె జీవితం" అని ఒక చిన్న వ్యాఖ్య ఉంటుంది. శ్రద్ధగా చూసేవాళ్లకు అక్కడే అనుమానం మొదలవుతుంది. మిట్టమధ్యాహ్నం చేలో వంగి కోత కోస్తున్న మనిషి చొక్కా అంత తెల్లగా ఎలా ఉంది? ఆడకూలీల టోపీలకు రిబ్బన్లు ఎక్కడివి? ఇది నిజంగా ఆనాటి జీవితమా, లేక డబ్బున్నవాళ్ల గోడకు తగినట్టు దిద్దిన ముచ్చటా?

ఈ ప్రశ్నకు అవును, కాదు అని తేల్చేసే జవాబు లేదు. బొమ్మను గీసింది ఎవరు, చెక్కింది ఎవరు, అమ్మింది ఎవరు, కొన్నది ఎవరు అనే నాలుగు సంగతులు తెలిస్తే మాత్రం, అందులో దేన్ని నమ్మవచ్చో, దేన్ని అనుమానించాలో చాలావరకు తేలుతుంది. ఆ నలుగురిలో చేలో పని చేసిన మనిషి లేడు. చిక్కంతా అక్కడే ఉంది.

అచ్చు బొమ్మ తయారయ్యే తీరు

తైలవర్ణ చిత్రం ఒక్కటే ఉంటుంది. అది ఏ దొర భవంతిలోనో ఉంటే చూసేవాళ్లు పదిమంది. ఆ చిత్రాన్ని రాగి రేకు మీద చెక్కి, సిరా పట్టించి, కాగితం మీద ఒత్తితే వందల ప్రతులు వస్తాయి. అలా వచ్చిన దాన్నే ఇక్కడ అచ్చు బొమ్మ అంటున్నాను. 18వ శతాబ్దపు ఐరోపాలో చిత్రాలు ఊళ్లూ దేశాలూ దాటింది ఎక్కువగా ఈ రూపంలోనే.

రాగి రేకు మీద పని చేసే పద్ధతులు చాలా ఉన్నాయి. చిన్న ఉలితో నేరుగా గీతలు చెక్కడం ఒకటి. రేకు మీద మైనపు పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచి గీతల్ని తినిపించడం ఇంకొకటి. దాన్ని ఎచింగ్ అంటారు. మెజోటింట్‌లో పని తలకిందులుగా సాగుతుంది. ముందు రేకునంతా పళ్లున్న పనిముట్టుతో గరుకుగా చేస్తారు. ఆ దశలో అచ్చు వేస్తే కాగితమంతా నల్లటి నలుపే. వెలుగు కావలసిన చోట ఆ గరుకును గీకి నునుపు చేస్తూ పోతారు. చీకట్లోంచి మనిషి ముఖం, గుర్రం వీపు, కిటికీ వెలుగు మెల్లగా బయటికి వస్తాయి. ఇంగ్లండు చెక్కుడు పనివాళ్లు దీనిలో ఎంత ఆరితేరారంటే, ఫ్రెంచివాళ్లు దీన్ని "ఇంగ్లీషు పద్ధతి" అనే పిలిచేవారు. స్టిపిల్ అనేది చుక్కల పని. గీతల బదులు సన్నని చుక్కలతో నీడలు తెస్తారు. చర్మం, బుగ్గలు, బట్టలు మెత్తగా, తీయగా కనిపిస్తాయి.

పద్ధతిని బట్టి బొమ్మలోని మనిషి కూడా మారతాడు. చుక్కల పనిలో చెక్కిన కూలీ పిల్లకు గులాబీ బుగ్గలు వచ్చి తీరతాయి. మెజోటింట్‌లో గుడిసె లోపలి పేదరికం మీద ఒక వెచ్చని చీకటి పరుచుకుంటుంది. చిత్రకారుడి మనసులో ఏమున్నా, పనిముట్టు తన పని తాను చేస్తుంది. ఈ సంగతి పట్టించుకోకుండా బొమ్మలోని ముఖకవళికలను బట్టి ఆనాటి కూలీలు సంతోషంగా ఉన్నారనో, లేరనో రాసేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

రాగి రేకులకు ఆయుష్షు తక్కువ. మెజోటింట్ రేకు నుంచి మంచి ప్రతులు కొన్ని వందలకు మించి రావు. గరుకు అరిగిపోయి బొమ్మ వెలిసిపోతుంది. అందుకే మొదటి ప్రతులకు ధర ఎక్కువ.

ఇంకో చిన్న సంగతి చాలామందిని తికమక పెడుతుంది. రేకు మీద ఉన్నది కాగితం మీద తిరగబడి పడుతుంది. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. చెక్కేవాడు ముందే లెక్క వేసుకుని బొమ్మను తిప్పి చెక్కితే సరే, లేకపోతే చేలో అందరూ ఎడమచేతి వాటం వాళ్లే అవుతారు. ఒక అచ్చు బొమ్మలో కోతవాళ్లంతా ఎడమచేత్తో కొడవలి పట్టి ఉంటే, అది ఆ ఊరి ఆచారం కాదు, చెక్కినవాడు బొమ్మను తిప్పకుండా వదిలేశాడని అర్థం.

బొమ్మ అడుగున ఉండే సన్నని వరస

ఇంటర్నెట్‌లో బొమ్మను కత్తిరించి పెట్టేటప్పుడు సాధారణంగా ఎగిరిపోయేది, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది, దాని అడుగున ఉండే సన్నని అక్షరాల వరస. ఒక పేరు పక్కన లాటిన్‌లో "పింక్సిట్" అని ఉంటే రంగుల్లో చిత్రించినవాడు. "స్కల్ప్సిట్" అని ఉంటే చెక్కినవాడు. ఆ తరువాత ప్రచురించిన వ్యాపారి పేరు, దుకాణం ఉన్న వీధి, తేదీ ఉంటాయి.

తేదీ వెనుక ఒక చట్టం ఉంది. లండన్ చిత్రకారుడు, చెక్కుడు కళాకారుడు విలియం హోగార్త్ తన బొమ్మలకు దొంగ నకళ్లు వస్తున్నాయని ఇతర చెక్కుడు కళాకారులతో కలిసి పోరాడితే, 1735లో బ్రిటిష్ పార్లమెంటు వారికి 14 ఏళ్ల హక్కును ఇచ్చింది. ఆ రక్షణ కావాలంటే ప్రచురించిన తేదీని, హక్కుదారు పేరును రేకు మీదే చెక్కాలి. "చట్టం నిర్దేశించిన ప్రకారం ప్రచురితం" అన్న మాట ఆనాటి బొమ్మల్లో పదేపదే కనిపించేది అందుకే.

అంటే బొమ్మ మీద హక్కున్న ప్రతివాడి పేరూ అడుగున ఉంది. బొమ్మలో ఉన్నవాడి పేరు లేదు. దొరల చిత్రపటాలకు కింద బిరుదులతో సహా పేరు రాసేవారు. గెలిచిన పందెపు గుర్రానికి కూడా పేరు ఉండేది. కోతవాళ్లు మాత్రం "కోతవాళ్లు" గానే మిగిలారు.

కొన్నది ఎవరు

చిన్న లెక్క వేద్దాం. 18వ శతాబ్దం రెండో సగంలో ఇంగ్లండు వ్యవసాయ కూలీకి వారానికి సుమారు 7 నుంచి 8 షిల్లింగులు వచ్చేవి. షిల్లింగుకు 12 పెన్నీలు. అంటే వారానికి 84 నుంచి 96 పెన్నీలు. ఆరు రోజుల పనికి పంచితే రోజుకు 14 నుంచి 16 పెన్నీలు.

హోగార్త్ 1751లో "జిన్ లేన్" బొమ్మను సామాన్యులకు అందాలనే చవకగా ఒక షిల్లింగుకు అమ్మాడు. ఆ చవక బొమ్మ కొనాలన్నా కూలీకి దాదాపు ఒక రోజు సంపాదన కావాలి. ఆ సంపాదనలో ఎక్కువ భాగం రొట్టెకే పోయేది. అందంగా చెక్కి, చేతితో రంగులు వేసిన పెద్ద బొమ్మల ధర దీనికి ఎన్నో రెట్లు. వాటిని కొన్నవాళ్లు వర్తకులు, లాయర్లు, పెద్ద రైతులు, భూస్వాములు, లండన్ నుంచి సరుకు తెప్పించుకునే ఐరోపా దుకాణదారులు.

అలాగని పల్లె గుడిసెల గోడలు బోడిగా లేవు. నార్తంబర్లాండ్‌కు చెందిన కొయ్య చెక్కుడు కళాకారుడు థామస్ బ్యూయిక్ తన చిన్ననాటి సంగతులు రాసుకుంటూ, అప్పట్లో ప్రతి గుడిసెలోనూ, రైతు ఇంట్లోనూ పెద్ద పెద్ద కొయ్య అచ్చు బొమ్మలు అంటించి ఉండేవని గుర్తు చేసుకున్నాడు. యుద్ధాలు, వీరులు, పాటలు, నీతి సూత్రాలు వాటి విషయాలు. కొన్ని పెన్నీలకు దొరికేవి. తరువాతి కాలంలో అవి కనబడకుండా పోయాయని ఆయన బాధపడ్డాడు. కూలీలు బొమ్మలు కొన్నారు. తమ బొమ్మలు కాదు, నౌకాయుద్ధాల బొమ్మలు. తమ బొమ్మలు పట్నంలో బైఠకు గదుల గోడలకు వేలాడాయి.

అదే కాలంలో పొలాల్లో జరిగినది

ఈ బొమ్మలు జోరుగా అమ్ముడుపోయిన 1780, 1790 దశకాల్లో ఇంగ్లండు పల్లెలు ప్రశాంతంగా లేవు. ఊరి ఉమ్మడి మేత భూములకు, బంజర్లకు కంచె వేసి సొంత కమతాలుగా మార్చే చట్టాలు పార్లమెంటులో వరసగా వచ్చాయి. 1604 నుంచి 1914 వరకు ఇలాంటి చట్టాలు 5,200 పైచిలుకు. వాటి కిందికి వచ్చిన భూమి సుమారు 68 లక్షల ఎకరాలు. వీటిలో ఎక్కువ భాగం 18వ శతాబ్దం రెండో సగంలోనూ, 19వ శతాబ్దం తొలి దశకాల్లోనూ జరిగినవే. ఒక ఆవును, నాలుగు బాతులను ఉమ్మడి నేల మీద మేపుకుని బతికిన కుటుంబానికి ఆ దారి మూసుకుపోయింది. కంచెల వల్ల పంట దిగుబడి పెరిగిందని ఒక వాదన, పేదల ఆసరా పోయిందని మరో వాదన. రెండింటికీ ఆధారాలున్నాయి. నష్టపోయినవాళ్లూ లాభపడినవాళ్లూ ఒకరే కాదన్నది మాత్రం ఖాయం.

పరిగె ఏరుకునే హక్కు సంగతి చూడండి. కోత అయ్యాక చేలో రాలిన కంకులను పేద ఆడవాళ్లు, పిల్లలు ఏరుకోవడం తరతరాల ఆనవాయితీ. సఫోక్ ప్రాంతంలోని టిమ్‌వర్త్ గ్రామంలో మేరీ హౌటన్ అనే స్త్రీ అలా ఏరుకుంటే, భూమి యజమాని కోర్టుకు వెళ్లాడు. 1788లో తీర్పు వచ్చింది: పరిగె ఏరుకోవడం చట్టం గుర్తించే హక్కు కాదు, యజమాని దయ మాత్రమే. తీర్పు వచ్చినా ఊళ్లలో ఏరుకోవడం ఆగలేదు. కానీ ఆ తరువాత అచ్చయిన పరిగె బొమ్మల్ని చూసేటప్పుడు ఈ తీర్పును గుర్తుంచుకోవాలి. ఒడిలో కంకులు పెట్టుకుని తల వంచుకున్న ముచ్చటైన పిల్ల బొమ్మ, హక్కు గురించి మాట్లాడుతోందా, దయ గురించా? కొన్నవాళ్లలో చాలామందికి రెండోదే వినిపించి ఉంటుందని నా అభిప్రాయం.

1795లో గోధుమ ధర ఆకాశానికి అంటింది. ఊళ్లలో తిండి గింజల కోసం అల్లర్లు జరిగాయి. బర్క్‌షైర్‌లోని స్పీన్‌హామ్‌లాండ్‌లో న్యాయాధికారులు సమావేశమై, రొట్టె ధరను బట్టి పేదలకు సాయం పెంచే పద్ధతి పెట్టారు. పైగా 1789 నుంచి ఫ్రాన్సు విప్లవం. పని చేసే జనం ప్రశాంతంగా ఉన్నారని చూపే బొమ్మకు అలాంటి రోజుల్లో గిరాకీ ఉండటంలో వింత లేదు.

స్టబ్స్ కోతవాళ్లు: ఒక బొమ్మను దగ్గరగా చూస్తే

జార్జ్ స్టబ్స్ 1724లో లివర్‌పూల్‌లో పుట్టాడు. తండ్రిది తోళ్లు పదును చేసే వృత్తి. లింకన్‌షైర్‌లో ఒక పల్లె ఇంట్లో నెలల తరబడి చచ్చిన గుర్రాలను కోసి, పొర పొరగా పరిశీలించి, 1766లో గుర్రం శరీర నిర్మాణం మీద ఒక గ్రంథం అచ్చు వేశాడు. దానిలోని రేకులన్నీ తన చేత్తోనే చెక్కాడు. దొరలకు గుర్రాల బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్న ఈ మనిషి 1780 దశకంలో పొలం పని వైపు తిరిగాడు. "గడ్డి పని వాళ్లు", "కోతవాళ్లు" అనే జంట చిత్రాలను 1785లో పూర్తి చేశాడు. 1791 జనవరి 1న వాటి అచ్చు ప్రతులను విడుదల చేశాడు. అడుగున చిత్రించినవాడు, చెక్కినవాడు, ప్రచురించినవాడు అన్నీ ఆయనే.

"కోతవాళ్లు" చిత్రంలో మగవాళ్లు వంగి కొడవళ్లతో గోధుమ కోస్తున్నారు. ఒక స్త్రీ నిటారుగా నిలబడి ఉంది. గుర్రం మీద కూర్చున్న పెద్దమనిషి ఒకడు పని చూస్తున్నాడు. "గడ్డి పని వాళ్లు" చిత్రంలో మగవాళ్లు బండి మీద గడ్డి సర్దుతుంటే, ఆడవాళ్లు పళ్లకర్రలతో గడ్డిని పోగు చేస్తున్నారు. నడుమ ఒక స్త్రీ పనిని ఆపి నిలబడి నేరుగా మనవైపే చూస్తోంది.

ఇందులో నమ్మదగినవి ఏమిటి? పనిముట్లు. గోధుమను కొడవలితో కోయడం, గడ్డి దగ్గర ఆడవాళ్లు పళ్లకర్ర పట్టడం ఆనాటి ఇతర ఆధారాలతో సరిపోతాయి. ఆడ, మగ పని విభజన సరిపోతుంది. పని చూసే మనిషి గుర్రం మీద, చేసేవాళ్లు నేల మీద ఉండటం కూడా సరిపోతుంది. గుర్రాల కండరాల విషయంలో స్టబ్స్‌ను అనుమానించే పనే లేదు.

అనుమానించాల్సినవి? శుభ్రత. బట్టల మీద మట్టి లేదు, చెమట మరక లేదు. పని తొందర కూడా లేదు. కోత రోజుల్లో వాన భయంతో తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా ఊపిరి సలపకుండా సాగే పని ఇక్కడ నాట్యంలా సాగుతోంది. మనుషుల మధ్య ఎడం కూడా కొలిచి పెట్టినట్టు ఉంటుంది. పాలరాతి మీద చెక్కిన పాత గ్రీకు ఊరేగింపును గుర్తు చేసే కూర్పు అది. చేలో ఎవరూ అలా వరస కట్టరు.

రిబ్బన్ల సంగతి మాత్రం తొందరపడి కొట్టిపారేయకూడదు. కోత కాలం మామూలు రోజుల్లాంటిది కాదు. కూలి ఎక్కువ వచ్చేది, తిండి, బీరు యజమాని పెట్టేవాడు, చివరి పన ఇంటికి చేరిన రోజు పండగే. ఆ రోజుల్లో ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకోవడం జరిగేదే. కాబట్టి రిబ్బను పూర్తిగా కల్పన కాకపోవచ్చు. ఆ రిబ్బనుతోనే ఏడాదంతా గడిచినట్టు చూసేవాడికి అనిపించడమే అసలు మోసం.

బుజ్జగింపు వాదన, గౌరవ వాదన

ఈ బొమ్మల మీద పండితుల మధ్య పెద్ద చర్చ జరిగింది. ఆంగ్ల సాహిత్య విమర్శకుడు జాన్ బారెల్ 1980లో ఒక వాదన ముందుకు తెచ్చాడు. 18వ శతాబ్దపు చిత్రాల్లో పల్లె పేదలు కొన్ని షరతుల మీదే కనిపిస్తారు: కష్టపడుతూ ఉండాలి, సంతోషంగా ఉండాలి, యజమానికి లోబడి ఉండాలి. అలా లేనివాళ్లు బొమ్మలోకి రారు, వచ్చినా నీడలోకి వెళ్లిపోతారు. ఈ లెక్కన బొమ్మ అబద్ధం చెప్పకపోయినా, కొన్నవాడి మనసును నిమ్మళపరుస్తుంది.

ఈ వాదనకు బలమైన సాక్ష్యం జార్జ్ మోర్లాండ్ బొమ్మల్లో ఉంది. 1763లో పుట్టి 1804లో, అప్పులు, తాగుడు మధ్య ముగిసిన జీవితం ఆయనది. గుర్రపుశాలలు, పల్లె సారాయి అంగళ్లు, పందులు, గుడిసెలు ఆయన విషయాలు. బావమరిది విలియం వార్డ్ మెజోటింట్‌లో చెక్కి ఆ బొమ్మలను ఐరోపా అంతటా పాకించాడు. 1790లో మోర్లాండ్ చిత్రాల నుంచి ఒక జంట బొమ్మ వచ్చింది: "కష్టపడితే వచ్చే సుఖాలు", "సోమరితనం తెచ్చే దుఃఖాలు". మొదటిదాంట్లో పొందికైన గుడిసె, నిండు కుటుంబం. రెండోదాంట్లో చినిగిన బట్టలు, లేమి. రెండూ పక్కపక్కన గోడకు పెడితే అర్థం ఒక్కటే: పేదరికం పేదవాడి తప్పు. కూలి ఎంత, రొట్టె ధర ఎంత, కంచె ఎవరు వేశారు అనే ప్రశ్నలకు ఆ రెండు చట్రాల మధ్య చోటు లేదు.

ఎదుటి వాదన కూడా తేలికైనది కాదు. స్టబ్స్ కూలీలను హాస్యానికి వాడుకోలేదు. అంతకుముందు చాలా బొమ్మల్లో పల్లెటూరి మనిషి అంటే తాగి తూలేవాడు, పళ్లు ఊడినవాడు, జనం నవ్వుకోవడానికి పనికొచ్చేవాడు. స్టబ్స్ చిత్రాల్లో కూలీ ముఖానికి, గుర్రం మీది పెద్దమనిషి ముఖానికి చూపిన శ్రద్ధలో తేడా లేదు. గడ్డి బండి దగ్గర నిలబడి మనవైపు చూసే స్త్రీ ఎవరికీ తల వంచలేదు. పాలరాతి విగ్రహాల కూర్పును దేవతలకు కాకుండా కూలీలకు ఇవ్వడం ఒక గౌరవమే అంటారు ఈ పక్షంవారు. దిద్దిన సౌందర్యం వేరు, అవమానం వేరు అని వాళ్ల మాట.

నేను ఈ రెండింటి మధ్య ఊగిసలాడను. స్టబ్స్ గౌరవం నిజమైనదే, ఆ గౌరవానికి కొన్నవాడు ఇచ్చిన అర్థం వేరు. చిత్రకారుడి ఉద్దేశం, కొనుగోలుదారు వాడకం రెండు వేర్వేరు సంగతులని ఒప్పుకుంటే చర్చలో సగం చిక్కు విడిపోతుంది.

అరిగిపోయిన కమ్మరి, కట్టెలు కొట్టేవాడైన వైనం

థామస్ గెయిన్స్‌బరో 1787లో "కట్టెలు కొట్టేవాడు" అనే పెద్ద చిత్రం వేశాడు. వానలో చెట్టు కింద ఆగి, ఆకాశం వైపు చూస్తున్న ముసలివాడు, పక్కన కుక్క. ఆ చిత్రం 1810లో ఎక్స్‌టన్ పార్క్ భవంతి అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఈనాడు మనకు అది ఎలా ఉండేదో తెలిసేది పీటర్ సైమన్ చెక్కి 1791లో ప్రచురించిన అచ్చు బొమ్మ వల్లనే.

ఈ చిత్రం కోసం గెయిన్స్‌బరో ఎదుట నమూనాగా ఉన్న మనిషి కట్టెలు కొట్టేవాడు కాదు. పని చేసి చేసి అరిగిపోయి, అప్పుడప్పుడు దొరికే దానధర్మాలతో బతుకుతున్న ఒక పేద కమ్మరి అని ఆనాటి వార్తాపత్రికే రాసింది. అంటే ఇక్కడ ఒక వృత్తివాడి శరీరం మరో వృత్తివాడి పేరుతో నిలబడింది. కొలిమి దగ్గర పడిన కష్టం అడవిలో వచ్చిన వానగా మారింది. ఆదుకునేవారు లేని ముసలితనం దేవుడి వైపు చూసే చూపుగా మారింది. ఆ చూపు ఎంత కదిలించేదిగా ఉన్నా, దాన్నిబట్టి కట్టెలు కొట్టేవాళ్ల జీవితం గురించి ఏమీ చెప్పలేం. ఒక కమ్మరి ముసలితనం గురించి మాత్రం చెప్పవచ్చు. పత్రికలోని ఆ ఒక్క వాక్యం లేకపోతే అదీ తెలిసేది కాదు.

బ్యూయిక్: లోపలి నుంచి చూసినవాడు

థామస్ బ్యూయిక్ 1753లో నార్తంబర్లాండ్‌లోని చెర్రీబర్న్‌లో పుట్టాడు. తండ్రి 8 ఎకరాల కౌలు రైతు, చిన్న బొగ్గు గనిని కూడా నడిపేవాడు. 14 ఏళ్ల వయసులో న్యూకాజిల్‌లో రాల్ఫ్ బీల్బీ అనే చెక్కుడు పనివాడి దగ్గర శిష్యుడిగా చేరాడు. తరువాత ఆయన భాగస్వామి అయ్యాడు.

బ్యూయిక్ పని రాగి మీద కాదు, కొయ్య మీద. బాక్స్‌వుడ్ అనే గట్టి చెట్టు కొమ్మను అడ్డంగా కోసి, ఆ కోసిన ముఖం మీద రాగికి వాడే సన్నని ఉలితోనే చెక్కాడు. రాగిలో సిరా గీత గుంటలో నిలుస్తుంది. కొయ్యలో పైకి మిగిలిన భాగానికి అంటుకుంటుంది, మన పెడన అద్దకం దిమ్మెకు రంగు అంటినట్టు. దీని వల్ల గొప్ప సౌకర్యం ఒకటి వచ్చింది. కొయ్య దిమ్మెను సీసపు అక్షరాల పక్కనే అదే ఎత్తులో బిగించి, వచనంతో పాటు ఒకేసారి అచ్చు వేయవచ్చు. రాగి బొమ్మకు వేరే యంత్రం, వేరే కాగితం కావాలి. పైగా కొయ్య త్వరగా అరగదు. తాను ఒక వార్తాపత్రికకు చెక్కిన దిమ్మె 9 లక్షలకు పైగా ప్రతులు ఇచ్చిందని బ్యూయిక్ రాసుకున్నాడు.

1790లో ఆయన జంతువుల పుస్తకం, 1797, 1804లలో రెండు సంపుటాలుగా బ్రిటిష్ పక్షుల పుస్తకం వచ్చాయి. జంతువుల పుస్తకం మామూలు ప్రతి ధర 8 షిల్లింగులు. కూలీకి ఒక వారం సంపాదన. కాబట్టి ఆయన పాఠకులు కూడా ఉన్నవాళ్లే. ఆ పుస్తకాల్లో పక్షి వివరణ ముగిసి పేజీలో మిగిలిన ఖాళీలో, అరచేతిలో పట్టేంత చిన్న బొమ్మల్ని బ్యూయిక్ పెట్టాడు. వాటికీ పైన ఉన్న పక్షికీ చాలాసార్లు సంబంధం ఉండదు. అవన్నీ ఆయన తిరిగిన పల్లెలు.

ఒక బొమ్మలో ఒకడు ఆవు తోక పట్టుకుని ఏరు దాటుతున్నాడు. వెనుక వంతెన ఉంది. వంతెన మీద సుంకం కట్టడం ఇష్టం లేక నీళ్లలో దిగాడు. గాలికి టోపీ ఎగిరిపోయి కొట్టుకుపోతోంది. సుంకం కన్నా టోపీ ఖరీదు ఎక్కువ. ఇంకో బొమ్మలో చెక్కకాలి మాజీ సైనికుడు ఎముకను కొరుకుతున్నాడు, ఎదురుగా కుక్క ఆకలిగా చూస్తోంది. యుద్ధం నుంచి తిరిగి వచ్చినవాడికి రాజ్యం ఇచ్చినది ఏమిటో ఈ రెండు అంగుళాల బొమ్మ చెప్పినంత సూటిగా ఆనాటి పెద్ద చిత్రాలు చెప్పలేదు.

ఇక్కడ తెల్లటి చొక్కాలు లేవు. గాలి, వాన, తడిసిన బట్టలు, మోకాలి లోతు మంచు ఉన్నాయి. అలాగని బ్యూయిక్‌ను కెమెరాలా నమ్మడం కూడా పొరపాటే. ఆయనకు నీతి చెప్పే అలవాటు గట్టిగా ఉంది. ఆవు తోక బొమ్మ పిసినారితనం మీద పాఠమే. ఆయన పల్లె సగం జ్ఞాపకం, నగరంలో బల్ల ముందు కూర్చుని తన బాల్యాన్ని చెక్కుకున్నాడు. కాకపోతే పోగొట్టుకున్నది ఏమిటో ఆయనకు స్పష్టంగా తెలుసు. తాను పెరిగిన మిక్లీ ప్రాంతపు ఉమ్మడి నేలను 1812లో పంచేసినప్పుడు పేదవాడిని వేళ్లతో సహా పెరికేశారని తన స్వీయచరిత్రలో రాశాడు. ఆ పుస్తకం ఆయన 1828లో మరణించాక, 1862లో గానీ అచ్చు కాలేదు. కొయ్య మీద మెల్లగా చెప్పినది కాగితం మీద కోపంగా చెప్పాడు.

ఫ్రాన్సులో డిడెరో సంపాదకత్వంలో వెలువడిన విజ్ఞాన సర్వస్వం బొమ్మలు వేరే దారి పట్టాయి. 1762 నుంచి 1772 వరకు వచ్చిన 11 బొమ్మల సంపుటాల్లో మొదటిది వ్యవసాయాన్నీ చూపింది. పైన దున్నుతున్న పొలం, కింద నాగలి భాగాలు అక్షరాల గుర్తులతో. ఇక్కడ కూలీ సంతోషంగానూ లేడు, దుఃఖంగానూ లేడు. పనిముట్టును పట్టుకోవడానికి ఉన్న చెయ్యి అతడు. నాగలి చరిత్ర రాసేవాళ్లకు ఇంతకంటే మంచి ఆధారం దొరకదు, నాగలి పట్టినవాడి గురించి మాత్రం అందులో ఏమీ లేదు.

1795, ఒకే ముద్రణాలయం, రెండు పుస్తకాలు

ఈ కథకు మన తీరంతో ఒక నేరు సంబంధం ఉంది. బ్యూయిక్ మిత్రుడు, న్యూకాజిల్‌కే చెందిన విలియం బుల్మర్ లండన్‌లో పేరున్న ముద్రాపకుడు. 1795లో ఆయన గోల్డ్‌స్మిత్, పార్నెల్ కవితలను బ్యూయిక్ సోదరుల కొయ్య బొమ్మలతో అచ్చు వేశాడు. అందులో ఉన్న ముఖ్య కావ్యం పాడుబడిన పల్లె గురించినది: సంపద పెరిగి, మనుషులు తరిగిపోయిన ఊరు. అదే 1795లో అదే ముద్రణాలయం నుంచి "కోరమండల్ తీరపు మొక్కలు" అనే గ్రంథం మొదటి భాగం వెలువడింది. రచయిత విలియం రాక్స్‌బర్గ్. 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా, వృక్ష శాస్త్రవేత్తగా పని చేసినవాడు.

ఆ గ్రంథంలోని బొమ్మలకు మూలాలు ఆయన జీతం ఇచ్చి పెట్టుకున్న భారతీయ చిత్రకారులు గీసినవి. 1819 నాటికి మూడు సంపుటాల్లో 300 బొమ్మలు వచ్చాయి. మొక్కల తెలుగు పేర్లను రాక్స్‌బర్గ్ శ్రద్ధగా నమోదు చేశాడు. గీసినవాళ్ల పేర్లు నమోదు కాలేదు. మొదటి సంపుటంలోనే చిరివేరు బొమ్మ ఉంది. కోస్తా అద్దకాల ఎరుపుకు మూలం ఆ వేరే. బొమ్మలో మొక్క, పువ్వు, వేరు ప్రతి నరంతో సహా ఉన్నాయి. వేరు తవ్వినవాళ్లు, దంచినవాళ్లు, బట్టకు రంగు పట్టించినవాళ్లు బొమ్మలో లేరు, అది వృక్ష శాస్త్ర గ్రంథం కాబట్టి ఉండాల్సిన పనీ లేదు. 1782లో పారిస్‌లో వెలువడిన పియెర్ సోనరా యాత్రా గ్రంథంలో ఇదే తీరానికి చెందిన చేతివృత్తుల వారి బొమ్మలు ఉన్నాయి, కానీ అక్కడ కూడా మనిషి తన కులానికీ పనిముట్టుకూ నమూనాగా నిలబడతాడు.

చిరివేరు పనివాళ్ల కోసం వెతికేవారికి బొమ్మ కన్నా దాని పక్క పేజీలోని వచనం ఎక్కువ ఉపయోగం. ఇసుక నేలలో వేరును ఎలా పండించేవారో, అద్దకంలో ఎలా వాడేవారో రాక్స్‌బర్గ్ వివరించింది అక్కడే.